బ్యాంక్ గ్రూప్ ఈఎస్‌జీ రిపోర్ట్‌లో అంకెలు ఎక్కడ పుడతాయి, ఎక్కడ మాయమవుతాయి: లోపల పనిచేసినవాడి సమాధానం

ప్రొబేషన్ అవ్వగానే మిమ్మల్ని హెడ్డాఫీస్‌లో సస్టెయినబిలిటీ సెల్‌లో వేశారు, పోయినేడాది ఎక్సెల్ షీట్ చేతిలో పెట్టి "ఇదే మళ్ళీ నింపు" అన్నారు, అసలు ఒక బ్యాంక్ గ్రూప్ తన ఈఎస్‌జీని, అంటే పర్యావరణ, సామాజిక, పాలనా పనితీరుని ఎలా కొలుస్తుంది, ఇది నిజంగా కొలతేనా లేక షోనా అని అడిగారు కదా. ఆ షీట్‌తో నేను ఏడేళ్ళు కాపురం చేశానండి. అంతకుముందు ఇరవై ఏళ్ళ పైన బ్రాంచిల్లో, అడ్వాన్సుల సెక్షన్లో చేశాను, కాబట్టి అంకె పుట్టే చోటు, అది రంగుల్లో అచ్చయ్యే చోటు రెండూ చూశాను. కొంచెం పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

కొలతా, షోనా అంటే రెండూనండి. ఏ బ్యాంక్ రిపోర్ట్ చేతికొచ్చినా నేను ముందు చూసేవి రెండే, హద్దు ఎక్కడ గీశారు (లెక్కలో ఏవి కలిపారు, ఏవి వదిలారు), దేన్ని దేంతో భాగించారు. మిగతా రెండొందల పేజీలు ఆ తర్వాత. ఈ రెండూ పట్టుకుంటే మీకు మిగతాదంతా అదే అర్థమైపోతుంది.

మన దగ్గర ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఆర్‌బీఐ 2007 డిసెంబర్‌లోనే బ్యాంకుల సామాజిక బాధ్యత, సుస్థిర అభివృద్ధి, ఆర్థికేతర రిపోర్టింగ్ మీద ఒక సర్క్యులర్ ఇచ్చింది. మా బ్రాంచిలో దాన్ని చదివి, సంతకం పెట్టి, సర్క్యులర్ల ఫైల్లో కుట్టేశాం, అంతటితో అయిపోయింది. 2012 నుంచి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ టాప్ 100 లిస్టెడ్ కంపెనీలని బిజినెస్ రెస్పాన్సిబిలిటీ రిపోర్ట్ ఇమ్మంది, 2021 మేలో దాని స్థానంలో బీఆర్‌ఎస్‌ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రిపోర్ట్) తెచ్చింది, 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలకి అది తప్పనిసరి. మీ చేతిలో ఉన్న షీట్ దానికోసమే. మూడు సెక్షన్లు, తొమ్మిది సూత్రాలు, ప్రతి సూత్రం కింద తప్పనిసరి ప్రశ్నలు కొన్ని, ఇష్టమైతే చెప్పండి అనే లీడర్‌షిప్ ప్రశ్నలు కొన్ని.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సిమెంట్ ఫ్యాక్టరీకీ బ్యాంక్‌కీ ఫారం ఒకటే. ఫ్యాక్టరీకి పొగ గొట్టం కళ్ళెదురుగా ఉంటుంది, బ్యాంక్‌ది మాత్రం లోన్ ఫైల్లో ఉంటుంది. మీ ఫారంలో తప్పనిసరి భాగం చూడండి, బ్రాంచి కరెంటు, జనరేటర్ డీజిల్, నీళ్ళు, చెత్త అడుగుతుంది. మీరిచ్చిన అప్పుతో నడుస్తున్న థర్మల్ ప్లాంట్ సంగతి స్కోప్ 3 కింద, అంటే మన వ్యాపారం వల్ల బయటివాళ్ళ దగ్గర పుట్టే ఉద్గారాల కింద వస్తుంది, అది లీడర్‌షిప్ ప్రశ్న, అంటే చెప్తే చెప్పొచ్చు లేకపోతే లేదు. ఇంటి యజమాని ఎంత తింటాడో అడిగి, గోదాములో ఏముందో అడగనట్టు.

సరే, తప్పనిసరి భాగమే ముందు చూద్దాం, ఎందుకంటే మీ మొదటి ఆర్నెల్లూ దాంతోనే పోతాయి.

బ్రాంచి కరెంటు లెక్క వినడానికి సులువు. నెల బిల్లులో యూనిట్లు తీసుకో, పన్నెండు నెలలు కలుపు, సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ప్రతి ఏడూ ప్రకటించే గ్రిడ్ ఫ్యాక్టర్‌తో గుణించు, అది యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. నెలకి 2,000 యూనిట్లు కాల్చే మామూలు బ్రాంచి ఏడాదికి ఒక 17 టన్నులు. ఫారం శక్తిని జౌల్స్‌లో అడుగుతుంది కాబట్టి 1,000 యూనిట్లని 3.6 గిగాజౌల్స్ అని మార్చుకోవాలి. డీజిల్ అయితే లీటర్‌కి దాదాపు 2.7 కిలోలు. ఇంతే లెక్క, ఐదో తరగతి పిల్లాడు చేసేస్తాడు.

చెయ్యలేనిది ఏంటంటే ఆ యూనిట్లు తెప్పించడం. బ్రాంచి అద్దె బిల్డింగ్‌లో ఉంటుంది, మీటర్ ఓనర్ పేరు మీద ఉంటుంది, పైన డెంటిస్ట్, కింద చెప్పుల షాపు, ముగ్గురికీ ఒకే మీటర్, ఓనర్ అంచనాగా ఇంత కట్టండి అంటాడు. మన పుస్తకాల్లో రూపాయలే ఉంటాయి, యూనిట్లు ఉండవు, ఎందుకంటే ఖర్చు వోచర్‌కి రూపాయలు చాలు. మార్చి నెలాఖరు హడావిడిలో బ్రాంచి మేనేజర్ యూనిట్ల గడిలో రూపాయలు వేసేస్తాడు, తప్పు అతనిది కాదు, ఆ రోజు అతనికి ఎన్‌పీఏల, అంటే మొండి బాకీల గొడవ ఉంటుంది. ఒక ఏడాది మా దగ్గర ఒక జోన్ మొత్తం కరెంటు వాడకం సగానికి పడిపోయినట్టు వచ్చింది. ఎల్ఈడీ బల్బులు మార్చాం కదా, దాని ఫలితమే అని పీపీటీ కూడా తయారైపోయింది, పై వాళ్ళకి చూపించే ముందు రోజు రాత్రి నాకెందుకో నిద్ర పట్టక షీట్ తెరిచి చూస్తే సగం బ్రాంచీలు అసలు పంపనే లేదు, ఖాళీ గడిని మా ఫార్ములా సున్నా అనుకుని కలిపేసింది. ఆ రోజు నుంచి ఖాళీ వేరు, సున్నా వేరు అని షీట్‌లోనే కట్టడి పెట్టాను. మీరూ మొదటి రోజే ఆ పని చెయ్యండి.

ఏసీ గ్యాస్ సంగతి ఇంకా ఎవరూ పట్టించుకోరు. ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక్క కిలో గాల్లోకి పోతే దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే నెలన్నర బ్రాంచి కరెంటు. కానీ మెకానిక్ బిల్లు మీద "గ్యాస్ ఫిల్లింగ్" అని ఒక మాట, పక్కన రూపాయలు, అంతే ఉంటుంది. ఎన్ని కిలోలు, ఏ గ్యాస్ అన్నది రాయించుకోమని ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్) కాంట్రాక్ట్‌లోనే ఒక క్లాజ్ పెట్టిస్తే ఏడాది తర్వాత మీకు డేటా వస్తుంది, లేకపోతే ఎప్పటికీ రాదు.

ఇప్పుడు హద్దు. ఏటీఎం బ్యాంక్ సొంతంగా నడిపితే దాని కరెంటు స్కోప్ 2లో (మనం కొన్న కరెంటు లెక్క; మనం కాల్చే డీజిల్, వదిలే గ్యాస్ స్కోప్ 1) పడుతుంది, వెండర్‌కి ఇచ్చేస్తే స్కోప్ 3లోకి జారిపోతుంది. మిషన్ అక్కడే ఉంది, ఏసీ అలాగే తిరుగుతోంది, మీ రిపోర్ట్‌లో మాత్రం కార్బన్ తగ్గింది. క్యాష్ వ్యాన్లు, డేటా సెంటర్లు అన్నీ ఇంతే. ఎక్కడైనా "మా స్కోప్ 1, 2 ఉద్గారాలు ఇంత శాతం తగ్గాయి" అని కనిపిస్తే ఆ ఏడాది ఏం ఔట్‌సోర్స్ చేశారో కూడా చూడండి.

గ్రూప్ అనేసరికి హద్దు గొడవ ఇంకా ముదురుతుంది. ఫారం మొదటి సెక్షన్లోనే అడుగుతుంది, ఈ రిపోర్ట్ బ్యాంక్ ఒక్కదానికా, గ్రూప్ మొత్తానికా అని. బ్యాంక్ కింద ఇన్సూరెన్స్ కంపెనీ, మ్యూచువల్ ఫండ్ కంపెనీ, కార్డుల కంపెనీ, ఫారిన్ బ్రాంచీలు, గ్రామీణ బ్యాంకులు ఉంటాయి. గ్రామీణ బ్యాంక్‌లో స్పాన్సర్ బ్యాంక్ వాటా 35 శాతమే, కేంద్రానిది 50, రాష్ట్రానిది 15. మరి దాని కార్బన్‌లో, దాని సేవలో మీ వంతు ఎంత? వాటా పద్ధతి పట్టుకుంటే 35 శాతం, పెత్తనం పద్ధతి పట్టుకుంటే మొత్తం వెయ్యాలి లేదా అసలు వదిలెయ్యాలి. గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ఈ పద్ధతుల్లో ఏదైనా ఎంచుకోనిస్తుంది, కానీ ఎంచుకున్నాక అన్నిటికీ అదే వాడమంటుంది. నేను చూసిన తిరకాసు ఏంటంటే, కార్బన్ చెప్పేటప్పుడు హద్దు బ్యాంక్ వరకే, పల్లెల్లో ఇన్ని లక్షల మహిళలకి చేరాం అని చెప్పేటప్పుడు హద్దు గ్రామీణ బ్యాంక్ దాకా. ఒకే పుస్తకంలో, నలభై పేజీల తేడాలో.

మన ఆంధ్ర ఉదాహరణే తీసుకోండి. 2025 మే 1న చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, ఏపీజీవీబీ నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్ అయ్యాయి, స్పాన్సర్ యూనియన్ బ్యాంక్. అంతకుముందు ఆ నాలుగింటికీ నలుగురు స్పాన్సర్లు. అంటే కడపలోనో శ్రీకాకుళంలోనో ఒక్క డ్వాక్రా గ్రూప్‌కి కూడా ఏమీ మారకుండానే, గ్రామీణ బ్యాంకుల్ని కలుపుకుని చెప్పుకునే ముగ్గురి రిపోర్టుల్లో ఆ మహిళలు మాయమై ఒకరి రిపోర్ట్‌లో ప్రత్యక్షమవుతారు. అలాంటి ఏడాది పాత అంకెని కూడా కొత్త హద్దు ప్రకారం తిరగరాసి పక్కనే పెట్టాలి, లేకపోతే పోల్చడమే అబద్ధం.

రెండోది, భాగహారం. బీఆర్‌ఎస్‌ఆర్ ఉద్గారాల్ని టర్నోవర్ రూపాయికి ఎంత అని అడుగుతుంది, కొనుగోలు శక్తికి సరిచేసి కూడా అడుగుతుంది, వేరే దేశాల కంపెనీలతో పోల్చుకోడానికి. ఫ్యాక్టరీకి ఇది కొంత అర్థవంతం. బ్యాంక్‌కి టర్నోవర్ అంటే ఏంటి, ఎక్కువ భాగం వడ్డీ ఆదాయమే కదా. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు 4 శాతం నుంచి 6.5కి వెళ్ళింది, అప్పుల మీద వడ్డీ పెరిగింది, ఆదాయం ఉబ్బింది, కింద అంకె పెద్దదయ్యేసరికి రూపాయికి కార్బన్ తగ్గిపోయింది. బ్రాంచిలో ఒక్క ఫ్యాన్ కూడా ఆపలేదు. దాన్ని మన పర్యావరణ విజయం అని రాయబోతే నేను ఒప్పుకోలేదు, ఉద్యోగికి ఎంత, చదరపు అడుగుకి ఎంత అనేవి కూడా పక్కన వేయించాను. మా డీజీఎం గారికి కోపం వచ్చింది, తర్వాత పోయింది.

ఇక లోన్ బుక్. సబ్జెక్ట్ అసలు మొదలయ్యేది ఇక్కడ. కంపెనీల పర్యావరణ లెక్కలు సేకరించే సీడీపీ అనే సంస్థ 2021లో లెక్క చెప్పింది, ఆర్థిక సంస్థలు ఇచ్చిన అప్పుల, పెట్టుబడుల వెనకున్న ఉద్గారాలు వాటి సొంత ఆఫీసుల ఉద్గారాల కంటే సగటున 700 రెట్లు పైన అని. వీటినే ఫైనాన్స్‌డ్ ఎమిషన్స్ అంటారు. కొలిచే పద్ధతి పీకాఫ్ (పీసీఏఎఫ్) అనే ఆర్థిక సంస్థల కూటమిది, 2015లో నెదర్లాండ్స్ ఆర్థిక సంస్థలు మొదలుపెట్టాయి, 2020లో మొదటి స్టాండర్డ్ వచ్చింది, 2022 చివర్లో రెండో ఎడిషన్. సూత్రం చాలా సింపుల్: కంపెనీ మొత్తం పెట్టుబడిలో, అంటే అప్పు ప్లస్ ఈక్విటీలో, మీ బాకీ ఎంత వంతో, దాని ఉద్గారాల్లో అంత వంతు మీది.

ఊహకి ఒక లెక్క చేద్దాం. ఒక సిమెంట్ కంపెనీ, అన్‌లిస్టెడ్, అప్పు, ఈక్విటీ కలిపి 1,000 కోట్లు, అందులో మీ బ్యాంక్ బాకీ 100 కోట్లు, కంపెనీ ఏడాదికి 5 లక్షల టన్నులు వదుల్తుంది. మీ వంతు 50,000 టన్నులు. ఇందాకటి బ్రాంచి ఏడాదికి 17 టన్నులు అనుకున్నాం కదా, అంటే ఈ ఒక్క ఫైలు సుమారు 3,000 బ్రాంచీల కరెంటుతో సమానం. మీరు మూడు నెలలు బ్రాంచీలకి ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకుని తెచ్చిన అంకె ఇదిగో ఈ ఒక్క లైన్లో కొట్టుకుపోతుంది. ఇది తెలిశాక నాకు కొన్నాళ్ళు ఎల్ఈడీ బల్బుల ఫొటోలు చూస్తే నవ్వొచ్చేది.

అలాగని ఈ లెక్క దేవుడిచ్చింది కాదు, దీనికీ లొసుగులున్నాయి. లిస్టెడ్ కంపెనీ అయితే కింద వేసేది షేర్ల మార్కెట్ విలువ, అప్పు కలిపిన అంకె. మార్కెట్ ఊపులో షేరు ధర రెట్టింపైతే మీ వంతు చిన్నదవుతుంది, మీ కార్బన్ తగ్గుతుంది, చిమ్నీ నుంచి పొగ మాత్రం రోజూలాగే. బాకీ తీసుకునేది ఏడాది చివరి రోజుది, కాబట్టి మార్చి 31న తీరి ఏప్రిల్ మొదటి వారంలో మళ్ళీ తీసుకున్న వర్కింగ్ క్యాపిటల్ ఈ లెక్కలో కనిపించదు, మన డిపాజిట్ టార్గెట్ల నెలాఖరు విన్యాసాలు గుర్తొస్తున్నాయా. బాండ్ ఇష్యూ చేసిపెట్టి ఫీజు తీసుకుంటే అది మన బ్యాలెన్స్ షీట్‌లో ఉండదు, దానికి పీకాఫ్ 2023 డిసెంబర్‌లో వేరే పద్ధతి ఇచ్చింది, అందులో మూడో వంతు మాత్రమే లెక్కేసుకోమంది. ఎందుకు మూడో వంతే అంటే అది సైన్స్ కంటే రాజీ అని నా అభిప్రాయం.

డేటా క్వాలిటీ స్కోర్ అని 1 నుంచి 5 దాకా ఒకటుంటుంది, దాన్ని వదలొద్దు. కంపెనీ కొలిచి, ఆడిట్ చేయించి ఇచ్చిన ఉద్గారాలైతే 1, ఏమీ తెలీక ఆ రంగం సగటుని బట్టి అంచనా వేస్తే 5. మన దగ్గర మధ్యతరహా కంపెనీలు, ఎంఎస్ఎంఈల (చిన్న సంస్థల) దగ్గర ఉద్గారాల లెక్కే ఉండదు, కాబట్టి పోర్ట్‌ఫోలియోలో చాలా భాగం 4, 5 లోనే ఉంటుంది. దీనివల్ల ఒక అన్యాయం జరుగుతుంది. మండపేట దగ్గర రైస్ మిల్లు ఓనర్ ఒకాయన ఊక బాయిలర్ బాగుచేయించి, రూఫ్ మీద సోలార్ పెట్టాడనుకోండి, మీ రిపోర్ట్‌లో అతనూ, ఏమీ చెయ్యని పక్క మిల్లు అతనూ ఒకటే, ఎందుకంటే ఇద్దరికీ సగటే వేశారు. అందుకే మొత్తం పోర్ట్‌ఫోలియోకి కచ్చా అంచనా ఒకసారి వేసి వదిలేసి, పవర్, సిమెంట్, స్టీల్, ఫెర్టిలైజర్ లాంటి వాటిలో టాప్ 50 అకౌంట్లు తీసి వాళ్ళ సొంత బీఆర్‌ఎస్‌ఆర్ నుంచి అసలు అంకెలు తెచ్చుకోండి. వాళ్ళలో చాలామంది లిస్టెడే, డేటా స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్‌లో ఉచితంగా ఉంటుంది. నాకు తెలిసి దీనికంటే తక్కువ శ్రమతో ఎక్కువ నిజం వచ్చే పని ఇంకోటి లేదు.

కొన్ని అప్పులు ఈ చట్రంలో ఇమడవు. పీకాఫ్ రెండో ఎడిషన్ ఏడు రకాల ఆస్తులకి పద్ధతి చెప్పింది, వాటిలో మన గోల్డ్ లోన్ ఎక్కడ పెడతారు? వరి పంట లోన్ ఇంకో తలనొప్పి, నీళ్ళు నిలబెట్టిన మడిలోంచి మీథేన్ వస్తుంది, వందేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు బలమైంది, గోదావరి డెల్టాలో పంట లోన్లన్నిటికీ ఈ లెక్క వేస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ రెండెకరాల కౌలు రైతు నెత్తిన ఈ బరువు పెట్టి "హై కార్బన్ సెగ్మెంట్" అని పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు, ముందు థర్మల్ ప్లాంట్ల లెక్క తేలాక దీన్ని చూద్దాం.

ఆర్‌బీఐ 2024 ఫిబ్రవరిలో వాతావరణ ఆర్థిక రిస్కుల మీద డిస్‌క్లోజర్ డ్రాఫ్ట్ ఒకటి పెట్టింది, గవర్నెన్స్, స్ట్రాటజీ, రిస్క్ మేనేజ్‌మెంట్, కొలతలు-లక్ష్యాలు అని నాలుగు స్తంభాలు. ప్రపంచంలో టీసీఎఫ్‌డీ (వాతావరణ రిస్కుల డిస్‌క్లోజర్ మీద వేసిన అంతర్జాతీయ బృందం) 2017లో చెప్పిందీ, 2023లో ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఎస్2 అనే అంతర్జాతీయ స్టాండర్డ్ చెప్పిందీ ఇదే దారి. దాన్నొకసారి చదవండి, భాష బోరు కొడుతుంది కానీ లోన్ బుక్‌ని ప్రశ్నించే ధోరణి బీఆర్‌ఎస్‌ఆర్ కంటే అందులోనే ఉంది.

ఇప్పుడు సామాజిక భాగం. ఇక్కడ మన బ్యాంకులకి అంకెల కొరత లేదు. ఇచ్చే అప్పుల్లో ప్రయారిటీ సెక్టార్‌కి 40 శాతం, అందులో వ్యవసాయం 18, చిన్న సన్నకారు రైతులు 10, బలహీన వర్గాలు 12, మైక్రో సంస్థలు 7.5, వీటిలో ముఖ్యమైనవి దశాబ్దాలుగా కొలుస్తున్నవే, ప్రపంచంలో చాలా బ్యాంకుల దగ్గర ఇంత క్రమశిక్షణ లేదు. కానీ ఇవి డబ్బు ఎవరి పేరున బయటికెళ్ళిందో చెప్తాయి, వెళ్ళాక ఏమైందో చెప్పవు. పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ పెట్టి తీసుకున్న అగ్రి గోల్డ్ లోన్ పొలానికెళ్ళిందో అమ్మాయి పెళ్ళికెళ్ళిందో మీ షీట్‌కి తెలీదు. బ్రాంచి మేనేజర్‌కి తెలుసు, అతన్ని ఎవరూ అడగరు.

టార్గెట్ కొలత ఎలా మారిపోతుందో జన్‌ధన్ చూపించింది. 2014 ఆగస్టులో మొదలైంది, జీరో బ్యాలెన్స్ ఖాతాలు ఎక్కువున్నాయని విమర్శ వచ్చింది, జీరో బ్యాలెన్స్ శాతం తగ్గించడమే కొలత అయింది. 2016లో పత్రికల్లో వచ్చింది గుర్తుందా, కొన్ని బ్యాంకుల సిబ్బంది ఆ ఖాతాల్లో ఒక్కో రూపాయి వేశారని. అంకె ఠక్కున బాగుపడింది. అందుకే ఖాతాలు ఎన్ని అని కాకుండా తెరిచిన ఏడాది తర్వాత ఎన్నిట్లో మనిషి తనంతట తాను లావాదేవీ చేశాడు అని అడగండి, సబ్సిడీ జమ, వడ్డీ జమ తీసేసి. ఈ అంకె తక్కువొస్తుంది, తిట్లు పడతాయి, అయినా అదే నిజమైన అంకె.

ఇంకా గట్టి పాఠం మన ఊళ్ళలోనే జరిగింది. 2010 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్‌కి, అంటే పేదలకిచ్చే చిన్న అప్పుల వ్యాపారానికి, పెద్ద కేంద్రం. లక్షల మంది పేద మహిళలకి చేరాం, వసూలు 98, 99 శాతం అని కంపెనీలు చెప్పుకునేవి, 2010 జులైలో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ కంపెనీ ఐపీఓకి కూడా వచ్చింది. అదే అక్టోబర్‌లో అప్పుల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్ళు కుప్పకూలాయి, 2011 జనవరిలో దీని మీద ఆర్‌బీఐ వేసిన మాలెగాం కమిటీ రిపోర్ట్ వచ్చింది. ఒక అక్క ఒక కంపెనీ బాకీ తీర్చడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకుంటే ఇద్దరి రిపోర్టుల్లోనూ ఆమె విజయగాథే, ఇద్దరికీ వసూలు 99 శాతమే. ఎవరి హద్దు వాళ్ళది కాబట్టి ఆమె ఇంట్లో మొత్తం అప్పెంత అన్న ప్రశ్న ఎవరి షీట్‌లోనూ లేదు. ఇప్పుడు ఆర్‌బీఐ 2022 నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకునే ఇంటి నెలవారీ వాయిదాలన్నీ కలిపి ఆదాయంలో 50 శాతం దాటకూడదు. ఆ శాతం మీ సిస్టమ్‌లో అప్పు ఇచ్చే రోజున ఉంటుంది. 40 నుంచి 50 మధ్య ఎంతమంది ఉన్నారో రిపోర్ట్‌లో వేస్తే, లక్షల మంది మహిళల నవ్వు ఫొటోల కంటే చదివేవాడికి ఎక్కువ తెలుస్తుంది. నేను రెండేళ్ళు అడిగాను, వెయ్యలేదు. మీరు అడిగి చూడండి.

ఒక పని మాత్రం మీ చేతిలో ఉంది. ఒకే మనిషిని మూడుసార్లు లెక్కపెట్టడం ఆపండి. డ్వాక్రా గ్రూప్‌లో ఆమే, జన్‌ధన్‌లో ఆమే, ముద్రలో ఆమే, లబ్ధిదారులు ముగ్గురు. కస్టమర్ ఐడీ పట్టుకుని డూప్లికేట్లు తీసేస్తే మొత్తం తగ్గుతుంది, నేను మొదటిసారి చేసినప్పుడు తగ్గిన అంకె చూసి మా సెల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సీఎస్‌ఆర్ (లాభంలోంచి సామాజిక పనులకి పెట్టే ఖర్చు) గురించి ఎక్కువ రాయను. కంపెనీల చట్టం 135 సెక్షన్ కింద గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం, ప్రైవేట్ బ్యాంకులకి వర్తిస్తుంది, ఎస్‌బీఐ దాని సొంత చట్టం కింద నడుస్తుంది కాబట్టి ముందటి ఏడాది లాభంలో 1 శాతం తన పాలసీ ప్రకారం పెడుతుంది. మంచి పనులే, అంబులెన్సులు, స్కూల్ బెంచీలు. కానీ లాభంలో 2 శాతం ఎలా ఖర్చుపెట్టారో అరవై పేజీలు, లక్షల కోట్ల అడ్వాన్సులు ఏం చేశాయో ఆరు పేజీలు ఉంటే ఆ పుస్తకం ఎవరికోసం వేశారో తెలిసిపోతుంది.

ఉద్యోగుల భాగంలో బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ (ఆ ఫారంలోంచి ఏరిన ముఖ్య సూచికలు) మంచి ప్రశ్నే అడుగుతుంది, మొత్తం జీతాల్లో మహిళలకి వెళ్ళింది ఎంత శాతం అని. తల లెక్కలో 28 శాతం ఉండి జీతాల్లో 22 ఉంటే, ఊరికే అంటున్నా, ఆ ఆరు శాతం తేడా మహిళలు కింది స్కేళ్ళలోనే ఆగిపోతున్నారని చెప్తుంది. అడగనిది బ్యాంక్ మిత్రల గురించి. పల్లెలో ముసలమ్మకి బ్యాంక్ అంటే వేలిముద్ర మిషన్ పట్టుకున్న ఆ అబ్బాయే, కానీ అతను మన ఉద్యోగి కాదు, కాబట్టి అతని ఆదాయం, ట్రైనింగ్, అతని మీద వచ్చిన ఫిర్యాదులు మన హద్దులోకి రావు.

ఆడిట్ చేశారుగా అంటారు. కోర్ సూచికలకి రీజనబుల్ అష్యూరెన్స్ (బయటివాళ్ళు గట్టిగా పరిశీలించి ఇచ్చే భరోసా) 2023-24లో టాప్ 150 కంపెనీలతో మొదలై 250, 500 అలా 2026-27కి 1000 దాకా అని 2023 జులైలో సెబీ చెప్పింది, 2025 మార్చిలో దాన్ని అసెస్‌మెంట్ గానీ అష్యూరెన్స్ గానీ అని సడలించింది. ఆడిటర్ వచ్చి బిల్లుకీ మీ అంకెకీ సరిపోయిందా చూస్తాడు, ఆ అంకె అసలు అడగాల్సిన అంకేనా అని చూడడు, అది అతని పని కూడా కాదు.

చెప్పకపోవడం కూడా తప్పవుతుందా అంటే అవుతుంది. 2021 అక్టోబర్‌లో హెచ్‌ఎస్‌బీసీ లండన్, బ్రిస్టల్ బస్టాపుల్లో చెట్లు నాటుతున్నాం, క్లయింట్లకి నెట్ జీరోకి ఇన్ని డాలర్లు ఇస్తున్నాం అని యాడ్స్ పెట్టింది. అక్కడి అడ్వర్టైజింగ్ నియంత్రణ సంస్థ ఏడాది తర్వాత వాటిని నిషేధించింది, చెప్పినవి అబద్ధాలని కాదు, అదే బ్యాంక్ కాలుష్య రంగాలకి ఇస్తున్న డబ్బు సంగతి పక్కన చెప్పలేదని. డ్యూయిష్ బ్యాంక్ గ్రూప్‌లోని ఫండ్ కంపెనీ డీడబ్ల్యూఎస్ మీద అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2023లో 1.9 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, ఈఎస్‌జీ గురించి పుస్తకంలో రాసుకున్నదీ లోపల చేస్తున్నదీ ఒకటి కాదని. మన దగ్గర గ్రీన్ డిపాజిట్లకి, అంటే పర్యావరణ పనులకే వాడతామని తీసుకునే డిపాజిట్లకి, ఆర్‌బీఐ 2023 జూన్ నుంచి నిబంధనలు పెట్టింది, డబ్బు ఎక్కడికెళ్ళిందో ప్రతి ఏడూ బయటివాళ్ళతో వెరిఫై చేయించాలి. డిపాజిటర్ వచ్చి "నా డబ్బు ఏ సోలార్‌కెళ్ళింది" అని అడిగితే చెప్పగలిగేలా ఫైలు పెట్టుకోండి, కౌంటర్ దగ్గర అడిగేవాళ్ళు వస్తున్నారు.

మీకు మొదటి నెల పని చెప్తాను. గత మూడేళ్ళ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని హద్దు ఎక్కడెక్కడ మారిందో ఒక కాగితం మీద రాయండి. ఒక ఇరవై బ్రాంచీల కరెంటు బిల్లులు స్కాన్ తెప్పించి చేత్తో కూడి షీట్‌తో సరిచూడండి. క్రెడిట్ డిపార్ట్‌మెంట్‌లో ఒక స్నేహితుణ్ణి సంపాదించండి, ఆయన లేకుండా టాప్ 50 అకౌంట్లు మీకు ఎవరూ ఇవ్వరు. బ్రాంచి వాళ్ళకి మార్చిలో కాకుండా అక్టోబర్‌లో ఫోన్ చెయ్యండి, అప్పుడు మనుషుల్లా మాట్లాడతారు. ఆ పాత షీట్‌లో "నిల్" అని ఉన్న గడులన్నిటికీ పసుపు రంగు వేసి ఉంచండి, వాటిల్లో ఏది నిజంగా నిల్లో, ఏది ఎవరూ అడగనిదో తేల్చుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది.